నడిచేవాళ్ల పార్కు, కూర్చునేవాళ్ల పార్కు

హైదరాబాద్‌లో సెలవు రోజు ఏ పార్కు నిండుతుంది, ఏది ఖాళీగా ఉంటుంది అన్నది చెట్లను బట్టి తేలదు. చెట్ల లెక్కన చూస్తే జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కుకు సాటి వచ్చేది నగరం మధ్యలో ఇంకోటి లేదు. కానీ జనవరి 1న గానీ, రంజాన్ మరునాడు గానీ జనం తిరనాళ్లకు పోయినట్టు పోయేది బహదూర్‌పురా జూపార్కుకు. ట్యాంక్‌బండ్ మీద నీడ అంతంతమాత్రమే, అయినా ఆదివారం సాయంత్రం అక్కడ కాలు పెట్టే సందు దొరకదు. పిల్లల్ని వదిలేసి, చాప పరుచుకుని, డబ్బా మూత తీసి కాసేపు కూర్చునే వీలు ఎక్కడుంటే జనం అక్కడికి పోతారు. నగరం మాత్రం చాలా ఏళ్లుగా తన పార్కులను పొద్దున్నే నడిచేవాళ్లను దృష్టిలో పెట్టుకునే కడుతోంది, నడుపుతోంది. సెలవు రోజు కనిపించే రద్దీ, చెత్త, గేటు దగ్గర గొడవలు ఎక్కువ భాగం ఈ పొంతన కుదరకపోవడం వల్ల వచ్చేవే.

ఈ రెండు రకాల మనుషుల అవసరాలూ వేరు. వాకర్‌కి మంచి ట్రాక్ ఉంటే చాలు. అయిదింటికో ఆరింటికో గేటు తీస్తే తొమ్మిదిలోపు పని ముగించుకుని వెళ్లిపోతారు. లోపల ఏమీ తినరు కాబట్టి చెత్త ఉండదు. పాస్ తీసుకుని రోజూ వస్తారు కాబట్టి వాచ్‌మన్‌కీ, మాలీకీ, అధికారులకీ ముఖపరిచయం ఉంటుంది. పైగా వాళ్లకు వాకర్స్ అసోసియేషన్ ఉంటుంది. లైటు వెలగకపోతే వినతిపత్రం వెళ్తుంది. ఎన్నికలు వచ్చాయంటే అభ్యర్థులు కూడా స్పోర్ట్స్ షూ వేసుకుని పొద్దున్నే వీళ్ల దగ్గరికే వస్తారు.

సెలవు రోజు వచ్చే కుటుంబం అలా కాదు. ఏడాదికి మహా అయితే నాలుగైదు సార్లు వస్తుంది. పండుగ పూట ఇంట్లో పని తెమిలి బయల్దేరేసరికి పది దాటుతుంది. మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ నుంచి చంకలో పిల్లాడి దాకా అందరూ ఉంటారు. పులిహోర, బగారా అన్నం, నీళ్ల సీసాలు, దుప్పటి, బంతి, షటిల్ రాకెట్లు వెంట వస్తాయి. వీళ్లకు కావాల్సింది మధ్యాహ్నం నీడ, తాగే నీళ్లు, శుభ్రంగా ఉండే మరుగుదొడ్డి, నాలుగు గంటలు ఎవరూ లేపని చోటు. ఇవి కావాలని అడగడానికి వీళ్లకంటూ ఓ సంఘం లేదు. మళ్లీ వచ్చేది మూడు నెలలకో ఆరు నెలలకో కాబట్టి, ఈసారి పడ్డ ఇబ్బంది వచ్చేసారికి ఎవరికీ గుర్తుండదు.

నడిచేవాళ్ల పార్కుకు నిలువెత్తు ఉదాహరణ కేబీఆర్. నిజాం మనవడు ముకర్రం జాకు చెందిన చిరాన్ ప్యాలెస్, దాని చుట్టూ ఉన్న అడవి కలిసి దాదాపు 390 ఎకరాలు. 1998లో దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. లోపల బండరాళ్లు, పొదలు, నెమళ్లు. ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు, మధ్యలో మూసేస్తారు. తినుబండారాలు, ఆటలు, చాపలు కుదరవు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. జాతీయ ఉద్యానవనం అన్నాక అది ముందు అడవి, ఆ తర్వాతే పార్కు. వన్యప్రాణి చట్టం కింద ఉన్న చోట పిక్నిక్‌లు పెట్టుకుందామంటే నెమళ్లు ఊరుకున్నా చట్టం ఊరుకోదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, అడవికి పెట్టుకున్న పద్ధతిని ఎకరం, అరెకరం ఉండే కాలనీ పార్కులూ పట్టుకున్నాయి. చుట్టూ టైల్స్ వేసిన ట్రాక్, ఒక మూల ఓపెన్ జిమ్, మధ్యలో తొక్కకూడని పచ్చిక, గేటు దగ్గర ‘చేయరాదు’ అంటూ పొడుగాటి బోర్డు. పొద్దున పదింటికల్లా తాళం పడుతుంది, మళ్లీ సాయంత్రం నాలుగింటికి గాని తీయరు. పండుగ రోజైనా ఇంతే. ఇళ్ల మధ్యనే, నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చోటు సరిగ్గా జనానికి తీరిక దొరికిన వేళకే మూసి ఉంటుంది. దాంతో ఆ కుటుంబం ఆటోలోనో బస్సులోనో పది, పదిహేను కిలోమీటర్లు పోయి పెద్ద పార్కు గేటు ముందు క్యూలో నిలబడుతుంది. పెద్ద పార్కుల్లో కనిపించే రద్దీలో కొంత ఈ చిన్న తాళాలు తోసినదే.

తాళం ఎందుకు అని అడిగితే వచ్చే జవాబులు అందరికీ తెలిసినవే. వాచ్‌మన్ ఒక్కడే, మధ్యాహ్నం పేకాట రాయుళ్లు చేరతారు, మందు సీసాలు తెస్తారు, జంటలు వస్తాయి. మొదటి మూడింటిలో నిజం ఉంది. నాలుగోదే వింత. ఇందిరా పార్కు గేటు దగ్గర 2021 ఆగస్టులో పెళ్లికాని జంటలకు లోపలికి ప్రవేశం లేదని బ్యానర్ కట్టారు. ఫొటోలు బయటికొచ్చి నలుగురూ నిలదీశాక తీసేశారు. బ్యానర్ పోయింది గానీ దాని వెనకున్న ఆలోచన చాలా కాలనీ పార్కుల గేట్ల దగ్గర ఇంకా కాపలా కాస్తూనే ఉంది. ఒక గదిలో నలుగురు ఉండే ఇళ్ల నుంచి వచ్చే యువతకు నగరంలో ఖర్చు లేకుండా మాట్లాడుకునే చోటు ఏదన్నా ఉంటే అది పార్కు బెంచీయే.

కూర్చునేవాళ్ల పార్కుల్లో పెద్దన్న జూపార్కు. దాని మూలం నాంపల్లిలో ఉంది. బాగ్-ఎ-ఆమ్, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్, నిజాంల కాలం నాటి తోట. అందులో ఒక చిన్న జంతుప్రదర్శనశాల ఉండేది. అక్కడ చోటు చాలక మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో కొత్త జూ కట్టి 1963 అక్టోబరులో తెరిచారు. నెహ్రూ పేరు పెట్టినా నగరం నోట అది ఎప్పుడూ జూపార్కే. జూ అని ఆగకుండా పార్కు కూడా తగిలించడం ఊరికే కాదు. సగం మంది అక్కడికి జంతువుల కోసం పోరు. పులి ఎటూ మధ్యాహ్నం పడుకునే ఉంటుంది. పెద్ద చెట్లున్నాయి, నడవలేనివాళ్లకు బ్యాటరీ బండ్లున్నాయి, పిల్లలకు టాయ్ ట్రైన్ ఉంది, ఒకసారి టికెట్ తీసుకుంటే సాయంత్రం దాకా ఎవరూ పొమ్మనరు. పాతబస్తీ కుటుంబాలకు పండుగ మరునాడు జూకు పోవడం దాదాపు పండుగలో భాగమే. మహబూబ్‌నగర్, నల్గొండ వైపు నుంచి వచ్చేవాళ్లకు చార్మినార్, జూ కలిపి ఒకరోజు ప్రయాణం.

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. సెలవు రోజు లెక్క ఇక్కడే మారింది. నలుగురున్న ఇంట్లో తల్లికీ కూతురికీ బస్సు ఖర్చు లేదంటే, మిగిలే డబ్బులు టికెట్‌కి, ఐస్‌క్రీముకి సరిపోతాయి. ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా ఫ్లైఓవర్ 2025 జనవరిలో మొదలవడంతో శంషాబాద్ వైపు నుంచి కార్లలో వచ్చేవాళ్లకూ దారి సుళువైంది. చేరుకోవడం ఇంత తేలికైనా, లోపల నీళ్ల కుళాయిలూ మరుగుదొడ్లూ అదే వేగంతో పెరగలేదు. కిక్కిరిసిన రోజున సఫారీ బస్సు కోసం గంటల తరబడి నిలబడాల్సి వస్తుంది. తెలిసినవాళ్లు గేటు తీసే వేళకే వెళ్లి ముందు సఫారీ ముగించుకుని, ఎండ ముదిరాక చెట్ల కింద సర్దుకుంటారు. ఇంకో మాట, జూకు వారపు సెలవు సోమవారం. బోనాలకు ప్రభుత్వం ఇచ్చే సెలవు కూడా సోమవారమే పడుతుంది. అలాంటప్పుడు తెరిచి ఉంచుతున్నారో లేదో ముందే కనుక్కోకుండా పిల్లల్ని తయారు చేస్తే గేటు దగ్గర ఏడుపులు తప్పవు.

జూను పంపేసిన పబ్లిక్ గార్డెన్స్ కథ దీనికి ఎదురు దిశలో నడిచింది. 1913లో టౌన్‌హాల్‌గా పూర్తయిన భవనం తర్వాత అసెంబ్లీ అయింది. జూబ్లీహాల్, రాష్ట్ర మ్యూజియం, షాహీ మసీదు, బాలభవన్ కూడా ఈ తోట ఆవరణలోనివే. ఏటా జరిగే పెద్ద ప్రదర్శన నుమాయిష్ 1938లో మొదలైంది కూడా ఇక్కడే, 1946లో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. పెద్ద తోటలో ఒక్కో భవనం వచ్చి చేరి తన చుట్టూ కంచె వేసుకుంటూ పోయింది. మిగిలిన చోటులో ఇప్పటికీ పెద్ద చెట్లున్నాయి, అసెంబ్లీ, నాంపల్లి మెట్రో స్టేషన్లు రెండూ దగ్గరే. మెట్రోలో వచ్చి చెట్టు కింద కూర్చోగల చోట్లు నగరంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఇదొకటి. అయినా సెలవు రోజుకు ఏ పార్కు అని అడిగితే దీని పేరు చెప్పేవాళ్లు తక్కువ. పోలీసు బందోబస్తు అలవాటుగా కనిపించే చోట చాప పరవడానికి మనసొప్పదు మరి.

హుస్సేన్‌సాగర్ చుట్టూ ఉన్నవి మూడో రకం. లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్, సంజీవయ్య పార్కు మూడూ టికెట్ పార్కులే. లుంబినీ ఏడున్నర ఎకరాలే. 1992లో సాగర్ మధ్యలో నిలబెట్టిన బుద్ధుడి దగ్గరికి పడవలు బయల్దేరేది ఇక్కడి నుంచే కాబట్టి దాని గిరాకీ ఎప్పుడూ తగ్గలేదు. 2007 ఆగస్టు 25 సాయంత్రం లేజర్ షో జరుగుతుండగా ఇక్కడ బాంబు పేలింది. అదే సాయంత్రం కోఠిలోని గోకుల్ చాట్ దగ్గర ఇంకొకటి. రెండు చోట్లా కలిపి 40 మందికి పైగా చనిపోయారు. గేటు దగ్గర మెటల్ డిటెక్టర్, బ్యాగుల తనిఖీ ఈ నగర పార్కుల్లో మామూలు విషయం అయిపోవడానికి ఆ సాయంత్రం ఒక పెద్ద కారణం. సంజీవయ్య పార్కు 92 ఎకరాలు. 2016 జూన్ 2న అక్కడ 291 అడుగుల స్తంభం మీద జాతీయ జెండా ఎగరేశాక ఫొటోల కోసం వచ్చేవాళ్లు పెరిగారు. దాని పేరుతోనే ఎంఎంటీఎస్ (నగర లోకల్ రైలు) స్టేషన్ ఉన్నా కార్లలోనే ఎక్కువమంది వస్తారు.

అయితే ఈ మూడింటినీ దాటి జనం గుమిగూడేది ట్యాంక్‌బండ్ మీద, నెక్లెస్ రోడ్డు మీద. అక్కడ టికెట్ లేదు, గేటు లేదు, ఏడింటికి విజిల్ వేసి తరిమేవాళ్లు లేరు. మొక్కజొన్న కంకులు, మిర్చి బజ్జీలు చేతికందే దూరంలో ఉంటాయి. 2021 ఆగస్టు నుంచి ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేసి ‘సండే ఫండే’ పెట్టినప్పుడు వచ్చిన స్పందన చూస్తే, జనం అడుగుతున్నది పూలపడకలూ ఫౌంటెన్లూ కాదని అర్థమవుతుంది. పిల్లవాడి చెయ్యి వదిలేస్తే బండి కింద పడడన్న భరోసా ఉన్న ఖాళీ చోటు చాలు. అదొక రోడ్డైనా ఫర్వాలేదు. గణేశ్ నిమజ్జనం నాడు మాత్రం ఈ చుట్టుపక్కల సంగతి వేరు. సాగర్ ఒడ్డు పార్కులు మూసేస్తారు, సరదాగా తిరిగొద్దామని వచ్చినవాళ్లకు మిగిలేది ట్రాఫిక్కే.

తోటకు పోయి తినడం తెలుగువాళ్లకు కొత్తగా అబ్బిన సరదా ఏమీ కాదు. కార్తీక మాసం వచ్చిందంటే ఉసిరి చెట్టు కింద పూజ చేసి, అక్కడే వండుకుని తినే వనభోజనాలు ఊళ్లలో తరతరాలుగా ఉన్నాయి. ఊరి నుంచి నగరానికి వచ్చినవాళ్లు ఆ అలవాటునూ వెంట తెచ్చుకున్నారు. కాలనీ సంఘాలు, ఆఫీసులు, పూర్వ విద్యార్థులు, కుల సంఘాలు, అందరికీ కార్తీక ఆదివారాలే కావాలి. ఆ నెలలో ఆదివారాలు ఉండేవి నాలుగో అయిదో. కుల సంఘాల వనభోజనాలకైతే నాయకులు వస్తారు, మైకు వస్తుంది, వచ్చే ఎన్నికల్లో మనవాళ్లకు ఎన్ని సీట్లన్న లెక్క కూడా ఉసిరి చెట్టు కిందే తేలుతుంది.

ఇంత పెద్ద గుంపుకు నగర పార్కు పనికిరాకుండా పోతోంది. పొయ్యి పెట్టడానికి లేదు, అది సబబే. ఎండుటాకుల మధ్య నిప్పు ఎవరూ ఒప్పుకోరు. కానీ వండి తెచ్చుకున్నది వడ్డించుకుని తినడానికి కూడా ఒక మూల కేటాయించిన పార్కులు అరుదు. బొటానికల్ గార్డెన్ లాంటి పెద్దచోట్ల ముందే అనుమతి, డబ్బు కట్టి బుక్ చేసుకోవడం ఉంటాయి. అందుకే ఓపిక ఉన్న సంఘాలు మొయినాబాద్, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లకూ రిసార్టులకూ మళ్లాయి. క్యాటరింగ్ వాళ్ల బఫే, కుండీలో తెచ్చిపెట్టిన ఉసిరి మొక్క, స్విమ్మింగ్ పూల్. తలకింత అని వేసుకోలేనివాళ్లకు ఆ వనభోజనం అందదు. ఒకప్పుడు ఊరి తోటలో అందరూ కలిసి తిన్న భోజనం నగరంలో ఎవరి స్తోమతను బట్టి వాళ్లదిగా విడిపోయింది. విశాఖపట్నం ఈ విషయంలో ఇంకా కొంత నయం. ముడసర్లోవ పార్కు, కంబాలకొండ కార్తీక ఆదివారాల్లో కిటకిటలాడతాయి, ప్రత్యేకించి ముడసర్లోవకు పిక్నిక్ చోటుగా పాత పేరు ఉంది. విజయవాడవాళ్లకు కృష్ణలో భవానీ ద్వీపం ఉంది, పడవ దొరికితే.

సెలవుల పట్టికను ఎండతో కలిపి చూడటం కూడా అవసరం. దసరా నుంచి సంక్రాంతి దాకా మధ్యాహ్నం కూడా బయట కూర్చోవచ్చు. ఉగాది, శ్రీరామనవమి, మే డే, తెలంగాణ అవతరణ దినమైన జూన్ 2 ఇవన్నీ ఎండల్లో పడేవే. ఆ రోజుల్లో పచ్చిక మీద రెండు నిమిషాలు నిలబడలేం. అయినా పార్కు కట్టేవాళ్లకు పచ్చిక మీద మోజు పోలేదు. ఫొటోలో బాగుంటుంది, ప్రారంభోత్సవం నాటికి పచ్చగా పరిచేయొచ్చు. వేప, కానుగ, చింత, నిద్రగన్నేరు నీడ ఇవ్వడానికి పదేళ్లు పడుతుంది, అప్పటికి శిలాఫలకం మీద పేరున్నాయన పదవిలో ఉండడు. త్వరగా పెరుగుతుందని ఊరంతా నాటిన కోనోకార్పస్ చూడ్డానికి గోడలా పచ్చగా ఉంటుంది గానీ దాని కింద చాప పరిచి కూర్చునే నీడ రాదు. పుప్పొడితో ఇబ్బందులన్న ఫిర్యాదులు వచ్చి తెలుగు రాష్ట్రాల్లో దాన్ని నాటడం ఆపాల్సి వచ్చింది కూడా. మే నెలలో ఏ పార్కుకు పోవాలి అన్న ప్రశ్నకు సూటి జవాబు, వయసు మళ్లిన చెట్లున్న పార్కుకు. అంటే పాత పార్కుకు.

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లు చాలామంది సెలవు రోజు చుట్టాలను తీసుకుపోయేది లాల్‌బాగ్‌కు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన ఆ తోట 240 ఎకరాలు. అక్కడ పూల ప్రదర్శనలు జరిగేది జనవరి 26, ఆగస్టు 15ల చుట్టూ. సెలవు రోజును తట్టుకోవాల్సిన రద్దీగా కాకుండా తోటకు వచ్చిన సొంత పండుగగా చూశారన్నమాట. 1889 నాటి గాజు మండపం పూలతో నిండుతుంది, జనం టికెట్ కొని మరీ వస్తారు, తోటల శాఖ సిబ్బంది వారాల ముందు నుంచే ఆ రోజుల కోసం పనిచేస్తారు. రద్దీ అక్కడా విపరీతమే, ఆగస్టు 15న లాల్‌బాగ్ గేటు దగ్గర పార్కింగ్ దొరికినవాడు అదృష్టవంతుడు. కానీ ఆ రద్దీ వస్తుందని ముందే తెలుసు కాబట్టి దానికి తగ్గ మనుషుల్ని, ఏర్పాట్లను పెడతారు. హైదరాబాద్‌లో మొక్కల మేళాలు నెక్లెస్ రోడ్డు వైపు జరుగుతుంటాయి, జనం గులాబీ కుండీలు ఒళ్లో పెట్టుకుని ఆటోల్లో ఇళ్లకు పోతుంటారు. ఆ ఉత్సాహం పార్కుల దాకా రాలేదు.

ఏర్పాట్ల మాట వచ్చింది కాబట్టి సిబ్బంది సంగతీ చూడాలి. సెలవు రోజు మాలీకీ, స్వీపర్‌కీ కూడా పండుగే. చాలామంది కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు, సంక్రాంతికి, దసరాకు ఊరెళ్తారు. అంటే ఏడాదిలో అత్యధికంగా జనం వచ్చే రోజునే పార్కులో పనిచేసేవాళ్లు అతి తక్కువగా ఉంటారు. మధ్యాహ్నం రెండింటికే చెత్తడబ్బాలు నిండిపోతాయి, ఆ తర్వాత వచ్చిన విస్తరాకులు, పేపర్ ప్లేట్లు వాటి చుట్టూ పోగవుతాయి. తినేసి పారేసే అలవాటు మనవాళ్లలో లేదని కాదు. కానీ డబ్బా దాకా నడిచి వెళ్లి, అది పొంగి పొర్లుతుంటే దాని పక్కన పెట్టినవాళ్లే ఎక్కువ. సాయంత్రం కుక్కలు వాటిని పచ్చికంతా లాగుతాయి. మర్నాడు పొద్దున అయిదున్నరకు గేటు తీయగానే ఆ దృశ్యం చూసేది వాకర్లు. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పడతాయి, అసోసియేషన్ తరఫున ఫిర్యాదు వెళ్తుంది. సెలవు రోజుకు ఇద్దరు మనుషుల్ని అదనంగా పెట్టి రోజుకూలీ ఇవ్వడం కన్నా ఒక బోర్డు రాయించడం చవక, కాబట్టి వారం తిరగకుండా గేటు దగ్గర కొత్తది వేలాడుతుంది: ‘బయటి ఆహారం లోపలికి అనుమతించబడదు.’